ఐ.పి. పెడితే అప్పు పోతుందా?

పర్చూరు వైపు ఐ.పి. అనే మాట తెలియనివాళ్లు అరుదు. "ఫలానా వ్యాపారి ఐ.పి. పెట్టాడంట" అని ఎవరైనా అంటే చాలు. అతనికి మిర్చి అరువుకు పోసిన రైతు గుండె జారిపోతుంది. కూలి డబ్బు దాచి వడ్డీకిచ్చిన ఆడకూతురు ఏడుస్తుంది. ఇక పైసా రాదని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు.

ఐ.పి. అంటే దివాలా పిటిషను. "నా అప్పులు నేను తీర్చలేను" అని కోర్టుకు చెప్పుకోవడం. 1920లో వచ్చిన చట్టం దీనికి ఇప్పటికీ నడుస్తోంది.

అప్పు తీర్చలేకపోవడం నేరం కాదు. 1987-88లో తెల్లదోమ పడి ఈ నల్లరేగడి నేలల్లో పత్తి పోయింది. రైతులు అప్పుల్లో మునిగారు. కొందరు ప్రాణాలే తీసుకున్నారు. కానీ ఇవ్వలేని పేదవాణ్ణి అప్పు కోసం జైల్లో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది.

ఉన్నది దాచిపెడితే మాత్రం నేరమే.

కోర్టు ఒకణ్ణి దివాలాదారు అని ప్రకటించిందనుకోండి. అతని ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. దాన్ని అమ్మి బాకీలవాళ్లకు వాటాల ప్రకారం పంచుతారు. కట్టుబట్టలు, వంటపాత్రలు, భార్య మంగళసూత్రం, రైతు బతకడానికి కావలసిన ఎడ్లు, విత్తనాలు మాత్రం ముట్టుకోరు. దివాలాదారు లెక్కల పుస్తకాలు ఇవ్వాలి. ఆస్తుల జాబితా ఇవ్వాలి. పిలిచినప్పుడు రావాలి. కావాలని ఇవి చేయకపోతే ఏడాది దాకా జైలు పడవచ్చు. తప్పించుకుని ఊరు దాటిపోతే వారంటు వస్తుంది. పిటిషనుకు ముందు రెండేళ్లలోపు బావమరిది పేర ఉత్తుత్తిగా రాసిన పొలాన్ని కూడా కోర్టు వెనక్కి లాగవచ్చు.

కోర్టు ఆర్డరును కావాలని మీరడం ఇంకో తప్పు. దాన్ని కోర్టు ధిక్కారం అంటారు. 1971 చట్టం ప్రకారం దీనికి ఆరు నెలల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. కింది కోర్టు ఆర్డరును మీరినా శిక్ష వేసేది హైకోర్టు.

పెద్దవాళ్లకు ఇవి వర్తించవనుకోకండి. విజయ్ మాల్యా విమానాల కంపెనీ నడిపాడు. బ్యాంకులకు వేల కోట్లు బాకీ పడ్డాడు. 2016లో దేశం దాటిపోయాడు. ఆస్తుల వివరాలన్నీ చెప్పమంటే చెప్పలేదు. కోర్టు వద్దన్నా నాలుగు కోట్ల డాలర్లు తన పిల్లలకు పంపాడు. ఇది ధిక్కారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. 2021లో ఇంగ్లండు కోర్టు ఆయన్ను దివాలాదారుగా ప్రకటించింది. 2022 జులైలో మన సుప్రీంకోర్టు నాలుగు నెలల జైలు, రెండు వేల జరిమానా వేసింది. పంపిన డబ్బు వడ్డీతో కట్టమంది. అప్పటికీ ఆయన ఇంగ్లండులోనే ఉన్నాడు. అప్పు తీర్చనందుకు కాదు ఈ శిక్ష, కోర్టు మాట మీరినందుకు.

ఇక మీ సంగతి. మీకు బాకీ ఉన్నవాడు ఐ.పి. పెడితే మీకు కోర్టు నోటీసు వస్తుంది. భయపడి వెనక్కి పంపకండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. కోర్టు పేరు, కేసు నెంబరు, వాయిదా తేదీ వెతకండి. ప్రోనోటు తీసుకుని ఆ రోజు వెళ్లండి. బాకీ రుజువు చేసుకోనివాళ్లకు పంపకంలో వాటా రాదు. అతను ఆస్తి దాచిన సంగతి మీకు తెలిస్తే అక్కడే చెప్పండి. మీ బాకీ ఐదు వేలే కావచ్చు, అయినా అడిగే హక్కు ఉంది.

వకీలుకు డబ్బు లేదా? కోర్టు ఆవరణలో మండల న్యాయసేవల కమిటీ ఎక్కడో అడగండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.