ప్లగ్ ఎందుకు నలిగింది?

పిల్లలూ! స్పార్క్ అంటే మన తెలుగులో నిప్పురవ్వ. కారు ఇంజిన్‌లో గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని అంటించేది స్పార్క్ ప్లగ్. దాని కొసన రెండు లోహపు ముక్కల మధ్య సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉంటుంది. రవ్వ దూకేది ఆ సందులోనే.

పాత ఇంజిన్‌ను పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించాం అనుకుందాం. నడిపిన కాసేపటికే వణుకు మొదలైంది. ప్లగ్ తీసి చూస్తే సందు మూసుకుపోయింది! కొత్తది వేసినా అదే గతి. మూడోది కొందామా? వద్దు. అసలు ఇంజిన్ స్టార్టే చెయ్యకూడదు. ప్లగ్ పోతే కొద్ది డాలర్లే గాని, పిస్టన్ పోతే పడ్డ శ్రమంతా మళ్ళీ మొదటికొస్తుంది.

ముందు నాలుగు ప్లగ్గులూ తీసి, సిలిండర్ల వరసలోనే బల్లమీద పెడదాం. నాలుగూ నలిగాయా? మర పొడవు ఎక్కువైన ప్లగ్గులు వేశామేమో, సరైన వాటి పక్కన పెట్టి కొలవాలి. ఒక్కటే నలిగితే అనుమానం లోపల పడ్డ నట్టు మీదో, వాషరు మీదో. సందు బాగానే ఉండి, పింగాణీ మాత్రం చిట్లి, దానిమీద మెరిసే అల్యూమినియం చుక్కలుంటే కథ వేరు. అక్కడ తగిలింది వస్తువు కాదు, మంట అదుపు తప్పింది. టైమింగ్ చూడాలి. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ప్లగ్ రంధ్రంలోంచి సన్నని కెమెరా దింపితే పిస్టన్ నెత్తిన గుంటలు కనబడతాయి. వస్తువు దొరక్కపోతే ఇన్‌టేక్ గొట్టాలు కూడా విప్పాలి. ఒక సిలిండర్‌లోంచి వెనక్కి వచ్చి పక్కదాంట్లో దూరడం కద్దు. అయస్కాంతం దింపినా ఇనుప ముక్కే అంటుకుంటుంది, అల్యూమినియం రాదు సుమా!