ముత్తాత పేరు ఎక్కడ దొరుకుతుంది?

మన పిల్లలను తాత పేరు అడిగితే టక్కున చెబుతారు. ముత్తాత పేరు అడిగితే చాలామంది నోరు మెదపరు. ఆ పేరు ఇంట్లో జేజికి తెలుసు. ఆమెకు ఎనభై దాటితే దానికి ఎక్కువ గడువు లేదు.

అందుకే పిల్లవాణ్ణి ముందు జేజి దగ్గర కూర్చోబెడదాం. పెద్దకొడుకు ఏ సంవత్సరం పుట్టాడంటే ఆమె చెప్పలేదు, "పీర్ల పండుగప్పుడు" అంటుంది. "అప్పుడు చేలో ఏం పని జరుగుతోంది జేజీ?" అని వాడు అడగాలి. మొహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తూ, దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే కాలానికి చేరుతుంది. 1940లో పీర్ల పండుగ ఫిబ్రవరిలో వచ్చింది, తిరిగి 1973లోనూ ఫిబ్రవరిలోనే. జొన్న కోతలప్పుడంటే ఆ సంవత్సరాల చుట్టుపక్కలే వెతకాలి. లెక్కల మాస్టార్లకూ ఇందులో పని ఉంది!

తర్వాత కాగితాలు. మన చిప్పగిరి 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లా ఆలూరు తాలూకాలోది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. పాత దస్తావేజులో "బళ్లారి జిల్లా" అని ఉంటే అది పరాయివాళ్లదని పక్కన పడేయరాదు. పేర్లు కూడా చెవిన పడినట్టే రాశారు: హుసేన్ సాబ్, హుసేని, ఉసేనప్ప ఒక్కరే కావచ్చు.

మీ ఇంట్లో అలాంటి కాగితముంటే ఫొటోలో వెనుక వైపు కూడా తీయించండి. రిజిస్ట్రారు ముద్ర, సాక్షుల పేర్లు తరచుగా అటువైపే ఉంటాయి, సాక్షి పేరుతోపాటు అతని తండ్రి పేరూ ఉంటుంది.