కంట్లో పువ్వు

వరికోతలు మొదలైతే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో కళ్ళాల నిండా పొట్టు, ధూళి ఎగురుతుంటాయి. వడ్లగింజ మొనో, వరి ఆకు అంచో కంటికి తగిలి కన్ను ఎర్రబడుతుంది. "రెండు రోజుల్లో అదే తగ్గుతుందిలే" అని చాలామంది ఊరుకుంటారు. కాని అక్కడ గాయపడింది ఏమిటో తెలిస్తే అలా ఊరుకోరు.

కంటి ముందు గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర శుక్లపటలం. దీనినే కార్నియా అంటారు. నడుమ దీని మందం సుమారు అర మిల్లీమీటరే. అయినా కంటిలోకి వచ్చే కాంతిని వంచే పనిలో మూడింట రెండు వంతులు దీనిదే. పేరు మాత్రం కటకానికి దక్కింది! దీనిలో రక్తనాళాలు లేవు. సన్నని కొల్లాజెన్ పోగులు ఎంతో క్రమంగా పేర్చి ఉంటాయి. అందువల్లనే కాంతి చెదరకుండా లోపలికి పోతుంది.

పైపొర గీసుకుపోతే ఆ సందులోంచి ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజులు దిగి పుండు చేస్తాయి. ఇవి మట్టిలో, కుళ్ళే ఆకుల్లో ఉండేవే. పుండు మానినా మచ్చలోని పోగులకు పాత వరుస రాదు. వాటిమీద పడ్డ కాంతి చెల్లాచెదరవుతుంది. "కంట్లో పువ్వు వేసింది" అని పెద్దలనేది ఈ తెల్లమచ్చనే.

రెండో కన్ను బాగానే ఉంది గదా, నష్టమేమిటి? ఒక కన్ను మూసుకుని సూదిలో దారం ఎక్కించి చూడండి. రెండు కళ్ళూ వస్తువును కొద్ది తేడాతో చూస్తాయి; ఆ తేడాను బట్టి మెదడు దూరాన్ని అంచనా కడుతుంది. ఒక్క కంటితో ఆ అంచనా తప్పుతుంది. పాడైన కంటి వైపు నుంచి వచ్చే బండి ఆలస్యంగా కనబడుతుంది. చూపు మెల్లగా తగ్గితే అసలు తెలియనే తెలియదు, బాగున్న కన్నే పని నెట్టుకొస్తుంది గనుక. చిన్నపిల్లల్లోనైతే మసకబారిన కంటిని మెదడు వాడటమే మానేస్తుంది. అప్పుడప్పుడు ఒక్కొక్క కన్నూ అరచేత్తో మూసి నల్లబల్ల చదివి చూడండి.

మచ్చ ముదిరితే కార్నియా మార్పిడి చేస్తారు. 1905 డిసెంబరు 7న, నేటి చెక్ దేశంలోని ఒలోమౌట్స్‌లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు, సున్నం పడి రెండు కళ్ళూ పోయిన కూలీకి ఒక బాలుని కార్నియా అమర్చాడు. ఒక కన్ను నిలిచింది. మన హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో ఈ శస్త్రచికిత్సలు ఇప్పుడు నిత్యకృత్యం. అయితే దాతలు కావాలి. మరణించిన సుమారు 6 గంటల్లోపు కళ్ళు సేకరించాలి.

అంతదాకా రాకుండా, పొట్టు పడితే కన్ను నలపకుండా శుభ్రమైన నీటితో కడిగి, నొప్పి గాని ఎరుపు గాని తగ్గకపోతే ఆ రోజే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఆకుపసర్లు వద్దు. ఇంట్లో మిగిలిన పాత చుక్కలమందు అంతకన్నా వద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే బూజు మరింత చెలరేగుతుంది.