చెరువు పాఠం సీసాలో

ప్రశ్న: ఆరో తరగతి పిల్లలు సజీవులు, నిర్జీవులు అంటూ జాబితాలు అప్పజెప్పేస్తున్నారు. రెండింటికీ ఉన్న సంబంధం ఎలా చెప్పాలి?
– ఓ ఉపాధ్యాయిని, చిలకలూరిపేట

జవాబు: జాబితాలు పక్కన పెట్టండమ్మా. చెరువు నీళ్లు గాజు సీసాలో పట్టి, హైడ్రిల్లా రెమ్మ వేసి ఎండలో పెట్టించండి. కాసేపటికి ఆకుల వెంట బుడగలు లేస్తాయి. అది ఆక్సిజన్. నీడకు మారిస్తే తగ్గిపోతాయి. చెరువులో చేపలు పీల్చేదీ నీళ్లలో కరిగిన ఆక్సిజనే కాబట్టి, ప్రాణం లేని ఎండ మీద చేప ఊపిరి ఆధారపడిందని పిల్లలే చెప్తారు.

తర్వాత మిరప చేల సంగతి ఎత్తండి. వానకు కొట్టుకొచ్చిన యూరియా, డీఏపీ చెరువులో చేరితే నాచు విపరీతంగా పెరుగుతుంది. రాత్రిపూట అదీ ఆక్సిజన్ వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. రైతుబిడ్డలకు ఇది తప్పక తెలియాలి.

వీలైతే గుంటూరు దగ్గరి ఉప్పలపాడు తీసుకెళ్లండి. అక్కడి చెరువులోని చెట్ల మీద గూడబాతుల గూళ్లుంటాయి. వాటి రెట్ట నీళ్లలో పడి నాచుకు ఎరువవుతుంది. పిల్లల్ని మాత్రం నీళ్లలోకి దిగనివ్వకండి.