ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక: సందేహాలు – సమాధానాలు

నా వయసు 46. మాది తెనాలి దగ్గర పల్లె. మొన్న వానాకాలంలో న్యుమోనియా ముదిరి, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాను, అందులో ఆరు రోజులు వెంటిలేటర్ మీద. అప్పుడు నా మంచం రైల్లో వెళ్తున్నట్టుండేది. చనిపోయిన మా అమ్మమ్మ పక్కనే కూర్చుని తమలపాకులు తుడుస్తుండేది. ఒక నర్సు రోజూ నా గొంతు నులిమేది. గొట్టాలు పీకేస్తున్నానని చేతులు కట్టేశారట. ఇంటికొచ్చి మూడు నెలలైంది. మెట్లెక్కితే కాళ్లు వణుకుతున్నాయి, జుట్టు కుచ్చులుగా ఊడుతోంది, కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తుండదు. ఏ మిషను 'కీ కీ' మన్నా ఒళ్లంతా చెమటలు. గాలి సోకిందని మా అత్తయ్య తాయెత్తు కట్టించారు. నాకు పిచ్చి పట్టిందా డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు

లేదమ్మా. మీకు పిచ్చి పట్టలేదు, గాలీ సోకలేదు. ఇంతకాలం ఈ భయాన్ని లోపలే దాచుకున్నారు. ముందు దాన్ని దించుకోండి.

మీకు వచ్చినదాన్ని మన పెద్దవాళ్లు సంధి అనేవారు. తీవ్రమైన జ్వరంలో సంధి ప్రేలాపనలు చూడని ఇల్లు మన పల్లెల్లో ఒకప్పుడు లేదు. డాక్టర్లు డెలీరియం అంటారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో సగానికి పైగా మందికి ఇది ఎంతో కొంత వస్తుంది. రక్తంలో ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, మత్తు మందులు, రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిసి మెదడు పనిని తాత్కాలికంగా తలకిందులు చేస్తాయి. చాలా ఐసీయూల్లో కిటికీ ఉండదు, దీపాలు ఆరవు. పగలేదో రాత్రేదో మంచి ఆరోగ్యంతో ఉన్నవాళ్లకే తెలియదు. కొందరు మీలా పెనుగులాడతారు. ఎక్కువమంది మాత్రం గోడవైపు చూస్తూ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంటారు. 'పేషెంట్ ప్రశాంతంగా ఉన్నాడు' అని మేమే పొరబడతాం.

మీ రైలు ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను. పుండ్లు పడకుండా మీ కింద గాలి పరుపు వేసి ఉంటారు. దాని గదులు కొన్ని ఉబ్బుతూ, కొన్ని అణుగుతూ ఉంటాయి, పంపు సన్నగా హోరు పెడుతుంది. ఇక గొంతు నులిమిన నర్సు. వెంటిలేటర్ గొట్టంలో చేరిన కఫాన్ని సన్నటి ట్యూబుతో లాగేస్తారు. ఆ కాసేపు ఊపిరి ఆగిపోతున్నట్టే ఉంటుంది. అది చేయకపోతే గొట్టం పూడుకుపోతుంది. ఆ గొట్టం స్వరతంత్రుల మధ్య నుంచి దిగుతుంది కాబట్టి మీరు అరిచినా గొంతు పెగలదు. ఒంటికి నిజంగా జరిగినదాన్నే మెదడు సగం మత్తులో తనకు తోచిన కథగా అల్లుకుంది. మిమ్మల్ని బతికించడానికి చేసిన పని మీకు హత్యాప్రయత్నంలా కనిపించింది. అందులో మీ తప్పు లేదు, ఆ నర్సు తప్పూ లేదు. కానీ ఇల్లు చేరేలోగా ఎవరైనా మీ పక్కన కూర్చుని ఈ సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడం మా వృత్తిలోని లోపం.

నేనూ మొదట్లో పేషెంట్ బతికి బయటికి నడిస్తే నా పని అయిపోయిందనే అనుకునేవాణ్ని. ఇంటికెళ్లాక మిగిలే నీరసం, మతిమరపు, భయం, ఈ మూడూ కలిసి ఉంటాయని గుర్తించి అమెరికాలో క్రిటికల్ కేర్ నిపుణులు 2010లో సమావేశమై దానికి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇక్కడ డిశ్చార్జి కాగితంలో ఆ మాట కనిపించడం అరుదు.

జుట్టు సంగతి వదిలేయండి. పెద్ద జబ్బు చేసిన రెండు మూడు నెలలకు ఊడటం మామూలే, మళ్లీ వస్తుంది. కాళ్ల వణుకు కండ కరిగిపోవడం వల్ల. పడుకునే ఉంటే అది తిరిగి రాదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం పూటకు ఐదుసార్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పొండి. రోజూ గుడ్డు, పప్పు, వీలైతే చేప తినండి. జబ్బు మనిషి కదా అని పథ్యం పెట్టి చారు మెతుకులతో సరిపెట్టవద్దని ఇంట్లోవాళ్లకు నా మాటగా చెప్పండి. మీకు కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం తిండి విషయం మీ డాక్టరును అడిగి మార్చుకోండి. మతిమరపు నెలల మీద తగ్గుతుంది. అందాకా వంటింట్లో ఒక పలక పెట్టుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇంకొకటి. మీ వెంట ఆస్పత్రిలో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి, ఆ పదకొండు రోజులూ ఏ రోజు ఏం జరిగిందో చెప్పించుకుని నోటుబుక్కులో రాసుకోండి. ఉత్తర ఐరోపా దేశాల్లో ఐసీయూ నర్సులే పేషెంట్ కోసం ఇలాంటి డైరీ రాసి ఇచ్చే అలవాటు ఉంది. తప్పిపోయిన రోజులు చేతికి దొరికితే రైలు మెల్లగా గాలి పరుపుగా మారుతుంది. ఇంత చేసినా నిద్ర పట్టకపోతే, ఆ దృశ్యాలే వెంటాడుతుంటే సైకియాట్రిస్టును కలవండి. మూడు నెలలైంది కాబట్టి ఇక ఆలస్యం వద్దు. బతకాలని లేదనిపిస్తే ఏ వేళనైనా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. మీ అత్తయ్యగారి తాయెత్తు తీసేయమని నేను చెప్పను, ఆవిడ ప్రేమ అందులో ఉంది. డాక్టరుకు బదులు మాత్రం అది కాదు.

మా అన్నయ్య కేస్ షీట్ కాపీ అడిగితే 'డిశ్చార్జి సమ్మరీ ఇచ్చాం కదా' అంటున్నారు. అడిగే హక్కు మాకుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

ఉంది. డాక్టర్ల వృత్తి నియమావళి 2002 ప్రకారం, పేషెంట్ గానీ, ఆయన అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. సమ్మరీ రెండు పేజీల సారాంశం, కేస్ షీట్ రోజువారీ చరిత్ర. తెలుగులోనే దరఖాస్తు రాయండి, మీ కాపీ మీద తేదీతో సంతకం పెట్టించుకోండి. జిరాక్సు ఖర్చు మీరే కట్టుకోవాల్సి రావచ్చు.

మా నాన్నగారికి గులియన్ బారీ సిండ్రోమ్. విజయవాడలో వెంటిలేటర్ మీద ఉన్నారు. నేను డల్లాస్‌లో ఉంటాను. తమ్ముడు లోపలికెళ్లినప్పుడు ఫోన్ చెవి దగ్గర పెడతానంటున్నాడు. కళ్లు తెరవని మనిషికి నా మాట వినిపిస్తుందా?
– ఒక పాఠకురాలు, అమెరికా

వినిపిస్తుందనే మాట్లాడండమ్మా. ఈ జబ్బులో నరాలు దెబ్బతిని కాళ్ల నుంచి పైకి కండరాలు చచ్చుబడతాయి, మెదడు మాత్రం తెలివిగానే ఉంటుంది. రెప్పలు ఎత్తలేనంత మాత్రాన మనిషి లేడని కాదు. నా దగ్గర ఇదే జబ్బుతో ఉండి కోలుకున్న ఒక మాస్టారు, పొలం అమ్మే విషయం కొడుకులు తన మంచం పక్కనే మాట్లాడుకున్నదంతా తర్వాత పూస గుచ్చినట్టు చెప్పారు. ఆ రోజు నుంచి మా వార్డులో మంచం దగ్గర బిల్లు ఊసెత్తనివ్వను.

మీ పేరు చెప్పి మొదలుపెట్టండి. ఈరోజు ఏ వారమో, టైమెంతో, ఆయన ఎక్కడున్నారో, గొట్టం ఎందుకు వేశారో, తగ్గితే తీసేస్తారని చెప్పండి. ఆ తర్వాత ఇంటి కబుర్లు. ఏడుపొస్తే కాసేపు ఆగి మళ్లీ మాట్లాడండి. ఐసీయూ వాళ్ల అనుమతితో తమ్ముణ్ని నాన్నగారి కళ్లజోడు, వినికిడి మిషను పట్టుకెళ్లమనండి. కళ్లు తెరిచిన రోజు అవి లేకపోతే ఆయనకు లోకం మసక.

రెప్ప ఆడటం మొదలయ్యాక అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు ఆర్పమని చెప్పండి. అక్షరాల చార్టు మన గుణింతాలతో పనికిరాదు, ఒక మాట పూర్తయ్యేలోపు మనిషి అలసిపోతాడు. అట్టముక్క మీద పెద్ద బొమ్మలు వేయించండి: దాహం, నొప్పి, చలి, దురద, పక్కకు తిప్పండి, భయం, నిద్ర. తమ్ముడు ఒక్కోదాని మీద వేలు పెడుతూ పోవాలి. చాలామంది దురద బొమ్మ మరచిపోతారు. చెయ్యి కదలని మనిషికి అదే పెద్ద బాధ.