పై అంతస్తులో పేపరు కప్పు

సమస్య



చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆరేళ్ళుగా హెచ్ఆర్ చూస్తున్నాను. కాపురం తిరుపతిలో. రోజూ బస్సులో వెళ్ళొస్తాను. మా తోతాపురి గుజ్జు యూరప్‌కి పోతుంది. ఈ ఏడాది అక్కడి కొనుగోలుదారులు ఒక ఫారం పంపారు. మీ దగ్గర ఏ ఏ జాతులవాళ్ళు ఎందరు, ఆడవాళ్ళు ఎందరు, వికలాంగులు ఎందరు, అందరినీ కలుపుకుపోవడానికి ఏం చేస్తున్నారు అని ప్రశ్నలు. కులానికి ఒక్క గడీ లేదు.

"ఏముండాదిమ్మా, మన దగ్గర అన్ని కులాలోళ్ళూ ఉండారు, రాసి పంపించెయ్" అన్నారు మా ఓనరు. నిజమే. సీజన్లో కింద షెడ్డులో కాయలు కడిగి, ఏరి, కోసే మూడొందల మంది ఆడవాళ్ళలో సగానికి పైగా చుట్టుపక్కల దళితవాడల నుంచి, ఎస్టీ కాలనీల నుంచి వచ్చేవాళ్ళే. పైన ఆఫీసులో మేం పద్దెనిమిది మందిమి. పదిహేడు మందిది ఒకటే కులం. నాదీ అదే. నన్ను చేర్పించింది మా మేనమామ.

పద్దెనిమిదో మనిషి ల్యాబ్‌లో పనిచేసే కుర్రవాడు. గంగాధర నెల్లూరు వైపు దళితవాడ నుంచి వచ్చి, ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేశాడు. చేరిన మొదటి వారం అందరూ ఇంటిపేరు అడిగారు, తర్వాత ఊళ్ళో ఇల్లు ఎక్కడని అడిగారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. మా టీ స్టీలు గ్లాసుల్లో వస్తుంది, అతనిది పేపరు కప్పులో. అలా ఇమ్మని ఎవరూ చెప్పలేదంటారు. మధ్యాహ్నం మేం క్యారియర్లు విప్పి కూరలు పంచుకుంటాం, అతను ల్యాబ్‌లోనే తింటాడు. పోయిన నెల ల్యాబ్ ఇన్‌ఛార్జి పదవి ఓనరు బంధువుల అబ్బాయికి ఇచ్చారు. ఆ అబ్బాయికి పని నేర్పింది ఇతనే. మర్నాడు రాజీనామా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఓనరుకు చెబితే, "పోనీలేమ్మా, మనలో కలిసే రకం కాదు. పొయ్యేలోపల ఒక ఫోటో తీయించి ఆ ఫారానికి జత చెయ్" అన్నారు.

ఇంకో మాట. మా అన్నయ్య అమెరికాలో, ఒహాయోలో ఉంటాడు. టీములో తొమ్మిది మంది తెల్లవాళ్ళు, వాడొక్కడు. పేరు పూర్తిగా పలకరని, శుక్రవారం సాయంత్రం వాళ్ళంతా బయట కూర్చుని అనుకున్నది సోమవారానికి నిర్ణయమై వస్తుందని ప్రతి ఆదివారం ఫోన్లో బాధపడతాడు. విని ఏడ్చినదాన్ని నేను. ఆ రాజీనామా చూశాక నా ఏడుపు గుర్తొచ్చి సిగ్గేస్తోంది. ఫారం మీద సంతకం నాది. ఉద్యోగం పోతే ఇంటి లోను ఎలా కట్టాలన్న భయమూ ఉంది. ఏం చెయ్యమంటారు?

పేరు వద్దు, తిరుపతి

సలహా

తల్లీ,

ముందు ఆ ఫోటో తీయించకు. గెంటేసిన మనిషి ముఖాన్నే గెంటినవాళ్ళ మంచితనానికి సాక్ష్యంగా పంపడం నాకు తలుచుకోవడానికే కష్టంగా ఉంది.

ఫారం మాత్రం నువ్వే నింపు. షెడ్డులో ఎందరు, సూపర్‌వైజర్లలో ఎందరు, ఆఫీసులో ఎందరు అని అంతస్తుల వారీగా నింపు. గడి లేకపోతే కింద ఖాళీలో కులం సంగతి రాయి. ఆ ఫారం తయారుచేసినవాళ్ళకు తమ ఆఫీసుల్లో కళ్ళకు కనబడే తేడా రంగు, అందుకే జాతి అడిగారు. మన దగ్గర అది ఇంటిపేరులో ఉంటుంది, వీధిలో ఉంటుంది, మీ ఆఫీసులో గ్లాసులో ఉంది. అందరినీ కలిపి ఒకే లెక్క చెబితే కింద ఉన్న మూడొందల మంది పైన ఉన్న పదిహేడు మందిని కప్పేస్తారు.

ఓనరు కాదంటే ఒక మాట చెప్పు. ఇలాంటి కొనుగోలుదారుల తరఫున ఆడిట్‌కి వచ్చేవాళ్ళు యాజమాన్యాన్ని పక్కన పెట్టి కూలీలతో విడిగా మాట్లాడతారు. కాగితానికీ షెడ్డుకీ పొంతన లేకపోతే ఆర్డరే పోవచ్చు. అది ఆయనకు అర్థమయ్యే భాష. అప్పటికీ వినకపోతే సంతకం ఆయన్నే పెట్టమను. లోను పక్కన పెట్టి పోరాడమని నేను చెప్పను. నువ్వు చెప్పినవన్నీ మెయిల్లో రాసి దాచుకో.

ఇక మీ అన్నయ్య సంగతి. అతని బాధ నిజమైనదే. 2004లో బెర్‌ట్రాండ్, ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు ఒక అధ్యయనం ప్రచురించారు. బోస్టన్, షికాగో నగరాల్లోని ఉద్యోగ ప్రకటనలకు ఒకే రకం అర్హతలతో దరఖాస్తులు పంపి, కొన్నిటి మీద తెల్లవాళ్ళ పేర్లు, కొన్నిటి మీద నల్లవాళ్ళ పేర్లు పెట్టారు. తెల్లపేర్లకు పిలుపులు యాభై శాతం ఎక్కువగా వచ్చాయి. మన దేశంలో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అదే పని చేశారు. ప్రైవేటు కంపెనీల ప్రకటనలు 548, దరఖాస్తులు 4,808. అర్హతలు ఒక్కటే అయినా దళిత ఇంటిపేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకులపు పేరుతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ, మూడో వంతు. 2007లో వచ్చిన లెక్క ఇది.

కానీ ఇద్దరి కష్టమూ ఒకటేనని నువ్వు అనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. మీ అన్నయ్య వెనుక 1964 నాటి అమెరికా పౌరహక్కుల చట్టం ఉంది. జాతి, రంగు, పుట్టిన దేశం చూసి ఉద్యోగంలో తేడా చూపకూడదని ఆ చట్టం ప్రైవేటు కంపెనీలకూ చెబుతుంది. అతను ఊరికొస్తే ఇంటిపేరు చెప్పగానే కుర్చీ వేస్తారు. ఈ కుర్రవాడికి ఊళ్ళోనూ ఆ కుర్చీ లేదు. ఉద్యోగాల్లో సమానావకాశం చెప్పే మన రాజ్యాంగంలోని 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలకే పరిమితం, మీ ఫ్యాక్టరీ దాకా రాదు. సముద్రం దాటినా మన కులం మనతోనే వెళ్ళింది కాబట్టే 2023లో సియాటిల్ నగరం వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చాల్సి వచ్చింది. ఆ పనికి పూనుకుంది అక్కడున్న మనవాళ్ళే, ఎదురు నిలిచిందీ మనవాళ్ళే.

పేపరు కప్పు రేపటి నుంచి ఉండకూడదు. పద్దెనిమిది గ్లాసులూ ఒకటే రకం కొను, బిల్లు నీ చేతి మీదుగానే పోతుంది కదా. ఎవరైనా అడిగితే 17వ అధికరణ అంటరానితనాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదని, దానికి శిక్షలు పెట్టిన చట్టం 1955లోనే వచ్చిందని చెప్పు. మధ్యాహ్నం నీ క్యారియర్ పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళి, ఇక్కడ కూర్చోవచ్చా అని అడుగు. వద్దంటే తిరిగిరా. ఇన్నాళ్ళూ పిలవనివాళ్ళు ఒకరోజు పిలిస్తే పరుగెత్తి రావాలని లేదు.

అతన్ని ఆగమని బతిమాలకు. తప్పు జరిగిందని, అందులో నీ మౌనమూ ఉందని చెప్పు. తనకేం కావాలో అడుగు. ఆ పదవి కావాలంటే అతని పని వివరాలు, పరీక్షల రికార్డులు పెట్టి ఓనరుకు లిఖితపూర్వకంగా సిఫారసు చెయ్. పోతానంటే మంచి అనుభవ పత్రం నీ చేత్తో రాసివ్వు. ఫిర్యాదు చేస్తానంటే అడ్డు పడకు. అతని పేరుతో ఏదో కమిటీ వేసి, మీ అందరికీ నేర్పే పని అతని నెత్తిన పెట్టడం మాత్రం వద్దు. ఒక్కడిగా ఉన్నవాడికి ఆ బరువు కూడానా?

అసలు పని నియామకాల దగ్గర ఉంది. "తెలిసినోళ్ళయితే నమ్మకం" అనుకుని ఉంటారు మీ ఓనరు. ఆయన చెడ్డవాడని నేననను. మేనమామ మాట మీద నిన్ను తీసుకున్నట్టే అందరినీ తీసుకున్నారు. ఎవరినీ ద్వేషించకుండానే ఆ పదిహేడు మందీ పోగయ్యారు. అందుకే మంచి మాటలతో ఇది మారదు, మనిషి లోపలికొచ్చే దారి మారాలి. తోతాపురి సీజన్‌కి ముందే ఖాళీలు ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, చుట్టుపక్కల పాలిటెక్నిక్‌ల నోటీసు బోర్డుల్లో పెట్టించు. దరఖాస్తుల మీద ఇంటిపేరు, ఊరు, తండ్రి పేరు కప్పి నంబర్లు వేసి పంపు. ల్యాబ్ ఉద్యోగమైతే గుజ్జు శాంపిల్, రిఫ్రాక్టోమీటర్ చేతికిచ్చి బ్రిక్స్ (తీపి పాళ్ళు) చూడమను. పనికి సంబంధం లేని అర్హతలు కొట్టేయ్. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఒక విద్యుత్ కంపెనీ కేసులో ఇదే చెప్పింది: పనికి అక్కరలేని డిగ్రీలు, పరీక్షలు పెట్టి నల్లవాళ్ళను బయట ఉంచడం చెల్లదని.

కింద షెడ్డు కూడా చూడు. కాయ చేత్తో తాకి పక్వం చెప్పగల ఆడవాళ్ళు, పదేసి సీజన్ల నుంచి వస్తున్నవాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళలో సూపర్‌వైజర్ అయినవాళ్ళు ఎందరు? నీ ఉత్తరంలో ఆ లెక్క లేదు. ఆ ప్రశ్న నీకూ రాలేదేమోనని నాకు బెంగగా ఉంది. ఈ సీజన్లో ఇద్దరినైనా పైకి తీసుకురా. అక్షరాలు సరిగా రాకపోతే రిజిస్టర్ రాయడం నేర్పించు.

వచ్చే ఆదివారం అన్నయ్య ఫోన్ చేస్తే అతను చెప్పేదంతా విను. ఆ తర్వాత ఈ కుర్రవాడి సంగతి చెప్పు, గ్లాసు దగ్గర్నుంచి. ఏమంటాడో నాకు రాయి.