ఊపిరితిత్తికి దెబ్బ తగిలితే: మూలకణముల చికిత్స గురించి కొన్ని సంగతులు



ప్రమాదంలో ఛాతీకి దెబ్బ తగిలినవారి బంధువులు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టరుగారూ, స్టెమ్ సెల్ ఇంజెక్షను వేయిస్తే ఊపిరితిత్తి మళ్లీ కొత్తగా పెరుగుతుందట గదా? పొలం తాకట్టు పెట్టయినా వేయిస్తాము." ఈ నెల పాఠము వారి కోసమే.

ముందు దెబ్బ సంగతి చూద్దాము. బైకు హ్యాండిలుగాని, ట్రాక్టరు స్టీరింగుగాని ఛాతీకి గట్టిగా కొట్టుకుంటే, పక్కటెముక విరగకపోయినా లోపల ఊపిరితిత్తి కమిలిపోవచ్చు. మన ఊపిరితిత్తులలో వాయుగోణులనే చిన్న గాలి తిత్తులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. కమిలిన చోట వాటిలోకి రక్తము, నీరు చేరి గాలికి చోటుండదు. మొదటి ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు. తరువాతి 24 నుండి 48 గంటలలో ఆయాసము పెరుగుతుంది. "లేచి కూర్చున్నాడు, ఇంటికి తీసుకుపోతాము" అని ఆ రాత్రే పట్టుబట్టవద్దు.

ఇక మూలకణములు. ఇవి విభజన చెంది, అవసరమైన వేరే రకము కణములుగా మారగలవు. సృష్టికర్త వీటివంటి మరమ్మతు కణములను ఊపిరితిత్తిలోనే ఉంచాడు. వాయుగోణుల గోడలో టైప్ 2 అనే కణములున్నవి. తిత్తి ముడుచుకుపోకుండా కాపాడే జిగురు పదార్థమును ఇవే తయారుచేస్తాయి. పక్కనున్న పలుచని కణములు చనిపోతే ఇవే విభజన చెంది ఆ ఖాళీని పూడుస్తాయి. వేరే చిక్కులు రాకపోతే కమిలిన ఊపిరితిత్తి సాధారణంగా వారం పది రోజులలో తేరుకునేది ఇందువల్లనే.

బయటినుండి ఇచ్చేవి వేరు. ఎముక మజ్జనుండిగాని, బొడ్డుతాడునుండిగాని తీసిన మూలకణములను నరములోకి ఎక్కిస్తే, రక్తముతోపాటు మొదట ఊపిరితిత్తులకే చేరి అక్కడ కొన్నాళ్లు నిలుస్తాయి. వాపును తగ్గించే పదార్థములను విడుదల చేస్తాయి. అంతేగాని కొత్త ఊపిరితిత్తిగా పెరగవు. అమెరికాలో ఊపిరితిత్తులు తీవ్రముగా దెబ్బతిని వెంటిలేటరు మీదనున్న 60 మందిపై జరిగిన పరిశోధన ఫలితాలు 2019లో వచ్చినవి. ఇంజెక్షనువల్ల హాని కనబడలేదు, కాని మరణాలు తగ్గినట్లు కూడా తేలలేదు.

మన దేశములో ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాల ప్రకారము మూలకణముల మార్పిడి కొన్ని రక్త సంబంధ వ్యాధులకే చికిత్సగా చెల్లుతుంది. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో 1986 నుండి చేస్తున్న మజ్జ మార్పిడి అటువంటిదే. మిగిలిన జబ్బులకు అనుమతి పొందిన పరిశోధనలోనే ఇవ్వవలెను, రోగినుండి డబ్బు తీసుకోరాదు. ఎవరైనా లక్షలు అడిగితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో వారి నమోదు సంఖ్య ఎంతో అడగండి. జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

మరి ప్రాణము నిలిపినవి ఏవి? వెంటిలేటరుతో పెద్ద శ్వాసలకు బదులు చిన్న శ్వాసలు ఇస్తే మరణాలు నూటికి 40 నుండి 31కి తగ్గినవని 2000లో తేలింది. బాగా విషమించినవారిని రోజుకు సుమారు 16 గంటలు బోర్లా పడుకోబెడితే 28 రోజులలో మరణాలు నూటికి 33 నుండి 16కి తగ్గినవని 2013లో ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల వైద్యులు చూపారు. వెన్నెముకకు దెబ్బ లేదని డాక్టరుగారు నిర్ధారించిన తరువాతే ఇది చేస్తాము. ఒక్క రోగిని తిప్పడానికి నలుగురైదుగురు కావాలి. నర్సుల చేతులతో జరిగే ఈ పనికి పేపర్లలో ప్రకటనలు రావు.

వార్డులో ఉన్నవారు నొప్పి మాత్ర మానవద్దు. నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీస్తే కఫము లోపలే నిలిచి న్యుమోనియా వస్తుంది. దగ్గేటప్పుడు దిండును ఛాతీకి హత్తుకోండి. ఛాతీ చుట్టూ బిగించి కట్టు కట్టించుకోవద్దు. మూడు బంతుల పరికరమును ఊదేవారే ఎక్కువ, కాని దానిని పీల్చవలెను. బంతి పైకి లేచి కాసేపు నిలిచేటట్లు, గంటకు పదిసార్లు చేయండి. బీడీ, సిగరెట్టు ముట్టవద్దు.

ఇంటికి వెళ్లిన తరువాత జ్వరముగాని, కఫములో రక్తముగాని, పెరిగే ఆయాసముగాని కనబడితే తెల్లవారేదాకా ఆగక 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి రండి.